మా ఆవిడ పిక్క మీద నరం

కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాడు పులికి భయపడకపోవచ్చు గాని, బోదకాలుకు భయపడి తీరాలండీ. అందుకే మా ఆవిడ మణెమ్మ నూతి దగ్గర కుచ్చెళ్లు ఎగదోపి బట్టలు ఉతుకుతుండగా, ఆమె పిక్క మీద నీలంగా మెలికలు తిరిగిన నరం చూసి నా గుండె జారిపోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు యోబు. కైకలూరు మిషను బడిలో మేష్టరిని. బైబిల్లో యోబుకు ఓర్పు ఎక్కువ. మా ఇంట్లో ఆ ఓర్పంతా మా ఆవిడ పుచ్చేసుకుంది.

బడిలో నన్ను 'నిలువు మేష్టారు' అంటారు. కుర్చీలో కూర్చుని పాఠం చెబితే పాఠం కూడా నిద్రపోతుందని నా సిద్ధాంతం. పొద్దుటి గంట మొదలు సాయంత్రం దాకా ఒక్కచోట నిలబడే చెబుతాను. ఇంటికొచ్చేసరికి నా పిక్కలు రుబ్బురోళ్లలా బరువెక్కి, నరాలు తాళ్లలా తేలేవి. అయితేనేం? పంచె చీలమండల దాకా దించుకుంటే మగవాడి కాలు ఎవరు చూడొచ్చారు?

"ఆ కాలేమిటే?" అన్నాను మణెమ్మతో.

"ఏ కాలండీ?"

"నీ కాలే!"

"నాకు రెండున్నాయి లెండి. మీరు ఇన్నాళ్లకి చూశారు."

"ఏలూరు వెళ్లి డాక్టరుకి చూపిద్దాం పద."

"నేను రానుగాక రానండీ. బోదకాలైతే అవుతుంది. కూర్చుని వండి పెడతాను. మీకేం లోటు?"

ఆ మాట ఆవిడ నోట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. బడిలో మనసు నిలవక, నా సంచిలోని సిరాబుడ్డి ఊరికే ఖాళీ అయిపోతోందని పిల్లల మీద కేకలేశాను. నాలుగు రోజుల్లో నరం మరో బెత్తెడు పైకి పాకింది. మణెమ్మ కాలు ఈడ్చుకుంటూ వంటింట్లో తిరుగుతున్నట్టు కల కూడా వచ్చింది.

మొండిమనిషిని మాయ చేసైనా తీసుకెళ్లాలనుకున్నాను. నాకే కాలు నొప్పని కుంటితే తోడు రాక ఏం చేస్తుంది? ఆస్పత్రి గడప దాటాక ఆవిణ్ణి డాక్టరమ్మకి అప్పగించెయ్యడమే.

"అబ్బా! కాలు!" అంటూ గుమ్మంలో కూలబడ్డాను.

"అయ్యో, పదండి ఏలూరు!" అంది మణెమ్మ. చూస్తే సంచి సర్దే ఉంది. అందులో చద్దన్నం, ఆవకాయ కూడా ఉన్నాయి. నా నటన అంత గొప్పగా ఉందన్నమాట అని మురిసిపోయాను.

పడవలో మా ఎదురుగా మండవల్లి రైతు కోదండరామయ్య గారు కూర్చున్నారు.

"మేష్టారూ, రేవులో ఎడంకాలు కుంటుతూ వచ్చారు. ఇప్పుడు కుడికాలు పట్టుకున్నారేవండీ?"

"ఆయనకి నొప్పి వంతులవారీగా వస్తుందండీ," అంది మణెమ్మ.

"అయితే చెడ్డరక్తమే. కొల్లేటి జలగని మించిన డాక్టరు లేడండీ."

వద్దంటే నా వేషం బయటపడుతుంది, ఊఁ అంటే జలగ పడుతుంది. నేను నసుగుతుండగానే ఆయన పడవ తుంగ పక్కన ఆపించి, నా పంచె ఎగదీసి, కాలు నీళ్లలో ముంచేశారు. జలగ నా నరాన్నే వెతుక్కుని మరీ పట్టుకుంది.

ఉప్పు చల్లి దాన్ని ఊడదీశారు గాని, రక్తం ఆగలేదు. పంచె తడిసింది, పడవ అడుగున ఎర్రగా మడుగు కట్టింది. కంగారుపడి లేచి నిలబడితే ఇంకా చిమ్మింది. ఈసారి నా కేకలో నటన లేదు.

"నిలబడకండి! పడుకోండి!" అని మణెమ్మ నన్ను వెనక్కి తోసి, నా కాలెత్తి కోదండరామయ్య గారి భుజం మీద పెట్టి, తువ్వాలు మడిచి గట్టిగా అదిమింది. రక్తం నెమ్మదించింది. నేను పోతానేమోనని నిజంగా భయం వేసింది. పోతే ఈవిడ కాలు ఎవరు చూపిస్తారన్న భయం దానికి మించిపోయింది.

పాపం, కోదండరామయ్య గారు ఏలూరు రేవు దాకా నా కాలు దించకుండా మోశారు. మధ్యమధ్య "జలగ మంచిదేనండీ, మీ నరమే తేడా," అంటూ వచ్చారు.

మిషను ఆస్పత్రిలో డాక్టరు సువర్ణ గారు గాయానికి కట్టు కడుతుంటే నేను ఆగలేకపోయాను.

"నాదేముందండీ! ముందు మా ఆవిడ కాలు చూడండి. బోదకాలు!"

డాక్టరమ్మ మణెమ్మ పిక్క నొక్కి చూశారు. వేలు తిప్పి చూసుకున్నారు. స్పిరిటు దూదితో ఒక్కసారి తుడిచారు. నరం కాస్తా దూదికి వచ్చేసింది.

"ఇది సిరా కదమ్మా!"

నేను మణెమ్మ వంక చూశాను. మణెమ్మ దూలాల వంక చూసింది.

"మీ బుడ్డిలోదేనండీ," అంది.

డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి రెండో కాలు పైకెత్తించారు. తేలిన తాళ్లు అణిగిపోయాయి. నిలబెట్టగానే మళ్లీ లేచాయి.

"చూశారా? బోదవాపు ఇలా పోయి రాదండీ. ఇవి ఉబ్బిన నరాలు. అదేపనిగా నిలబడితే రక్తం పైకెక్కలేక కిందే ఉండిపోతుంది. పొద్దున్నే మంచం దిగకముందే వేళ్ల దగ్గర్నుంచి మోకాలి దాకా పట్టీ చుట్టండి. మంచానికి కాళ్లవైపు ఇటుకలు పెట్టండి. నడవండి, లేదా కూర్చోండి. ఊరికే నిలబడకండి. జలగల జోలికి అసలు పోకండి."

బయటికొచ్చాక మణెమ్మను కసిరేద్దామనుకున్నాను. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.

"రాత్రిళ్లు మీరు పిక్క పట్టుకుని మూలుగుతుంటే నేను నిద్రపోతున్నాననుకున్నారా? నాకు బాగాలేదంటే మీరు కొల్లేరైనా దాటుతారు. మీకు బాగాలేదంటే వీధి కూడా దాటరు. ఇంకేం చెయ్యమంటారండీ?"

చద్దన్నం మూట విప్పి ఆవిడకే ముందు పెట్టాను.

ఇప్పుడు బడిలో కూర్చునే పాఠం చెబుతున్నాను. పాఠం నిద్రపోవడం లేదు. అప్పుడప్పుడు నేనే నిద్రపోతున్నాను. పొద్దున్నే గుమ్మం దాటబోతే, వీధిలో ఎవరున్నా సరే, "ఏవండీ, పంచె ఎత్తండి," అని మణెమ్మ పట్టీ చూస్తుంది.

మొన్న దవడ పట్టుకుని "పన్ను సలుపుతోందండీ," అంది. నేను మారుమాట్లాడకుండా అద్దం ముందుకెళ్లి నా నోరు తెరిచాను.