మోటారు మీద పన్నెండేళ్ల పసుపు

దేవుడి పేరున పెట్టిన బొట్టును మనిషి తుడవవచ్చా? పన్నెండేళ్లుగా ధర్మాను తొలుస్తున్న సందేహం ఇది. మహబూబాబాద్ శివారు రైసుమిల్లులో అతను ఎలక్ట్రీషియన్. చేరేనాటికే బస్తాలు మోసే కన్వేయర్ బెల్టు మోటారుకు పసుపు పూసి ఉంది. ఏటా దసరాకు దానిమీదే మరో పూత, మరో బొట్టు. మోటారు వివరాలుండే రేకు ప్లేటు ఆ అరిసె మందం పసుపు కిందే ఎక్కడో ఉండాలి.

ఆ ఉదయం పని చిన్నదే. ముందురోజు బెల్టు స్టార్టర్ కాలిపోయింది. దాని బదులు మోటారును మెల్లగా వేగం అందుకోనిచ్చే డ్రైవ్ బిగిస్తానని యజమానురాలు శకుంతలమ్మకు మాటిచ్చాడు.

"పొద్దుగూకేలోపల బెల్టు తిరగాలె ధర్మా. లేకుంటే హైదరాబాద్ నుంచి వేరే మనిషిని పెట్టుకుంట," అందామె. గేటు బయట వడ్ల ట్రాక్టర్లు, పైన మబ్బు.

జనగామలో డ్రైవ్‌లు అమ్మే సురేశ్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, జర మంచి డ్రైవ్ పంపు. మోటారు పెద్దగనే ఉంటది."

"పెద్దగంటే ఎట్లనే? బర్రెను కొంటున్నవా? ప్లేటు మీద ఎన్ని హార్స్‌పవరో, ఎన్ని ఆంపియర్లో చూసి చెప్పు."

ధర్మా తడిగుడ్డ తీశాడు. మిల్లు ఊడ్చే యాకమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఏందిరా కొడుకా! లచ్చిమి మొకం మీది బొట్టు తుడుస్తవా? కండ్లు పోతయ్!"

ధర్మా చెంపలేసుకున్నాడు. ఫోన్లో, "పది హార్స్‌పవర్ రాసుకో," అన్నాడు.

మధ్యాహ్నానికి రైల్లో డ్రైవ్ వచ్చింది. ఖాళీ బెల్టు ముచ్చటగా తిరిగింది. బస్తాలు వేయగానే డ్రైవ్ ఆగిపోయింది. ఇంకా మెల్లగా లేవనిమ్మని సురేశ్ చెబితే, వేగం అందుకునే సమయాన్ని రెండు నిమిషాలకు పెంచాడు. బెల్టు పాకింది. హమాలీ మోతీ ఎక్కి కూర్చున్నాడు.

"అన్నా, గిది గంగారం పోయే పల్లె బస్సా? టికెట్ కొట్టు!"

కాసేపటికి ఆ బస్సు కూడా ఆగిపోయింది. శకుంతలమ్మ వచ్చి, దిష్టి తగిలిందని తేల్చి, డ్రైవ్‌కు బంతిపూల దండ వేసింది. ఆ దండ డ్రైవ్ ఫ్యానుకు గాలి అందే రంధ్రాలను మూసేసింది. ఈసారి ఖాళీ బెల్టుకే ఆగింది.

"ఒద్దమ్మా, దానికి ఊపిరాడుతలేదు!" అంటూ ధర్మా దండ తీశాడు. అప్పుడే మొదటి చినుకు పడింది. బయట రైతులు టార్పాలిన్ల కోసం పరుగులు పెడుతున్నారు. ఇక ప్లేటు చూడక తప్పదని ధర్మా మోటారుకు దండం పెట్టాడు.

"తల్లీ, తుడిస్తే నాకు పాపం. తుడవకుంటే వాళ్ల వడ్లు తడుస్తయ్. నాకే కానియ్యి."

"ఒద్దురా!" అని యాకమ్మ అరిచేలోపే పసుపు పెళ్లలుగా రాలింది. కింద ప్లేటు లేదు. నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయి.

"పన్నెండేండ్లు నేను బొక్కలకు బొట్టు పెట్టిన్నా?" అన్నాడు ధర్మా.

యాకమ్మ వెనక సందులోని తన ఇంటికి వెళ్లి, తళతళలాడే రేకుముక్కతో తిరిగొచ్చింది.

"నువ్వు రాకముందే ఊడి పడ్డది, కొడుకా. అడుగంటిన గిన్నెలు గీక్కునేటందుకు పట్కపోయిన. ఇన్నేండ్లాయె, చెప్తే దొంగంటరని భయం. ఇగో, మీది మీకిస్తున్న."

అంచు అరిగింది కానీ అంకెలు అద్దంలా ఉన్నాయి: పదిహేను హార్స్‌పవర్.

శకుంతలమ్మ నోరు తెరిచింది. ధర్మా అడ్డుపడ్డాడు.

"ఏమనకమ్మా. అవ్వ తోముకుంట వాడింది గాబట్టే కనవడుతుంది."

సాయంత్రం రైల్లో సరైన డ్రైవ్ వచ్చింది. జల్లు ముదిరేలోపే బస్తాలన్నీ లోపలికి చేరాయి. హైదరాబాద్ మనిషి ఊసు మళ్లీ రాలేదు.

యాకమ్మ ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి అడుగంటిన గిన్నెలు నానబెట్టడం మొదలైంది.