మనిషి మొదటి మాటపై మంత్రిగారి పరిశోధన

"మనిషి మొట్టమొదట మాట్లాడిన భాష మనదే! దీన్ని శాస్త్రీయంగా నిరూపిస్తాం. ఫలితం ఇప్పుడే ప్రకటిస్తున్నాం, పరిశోధన రేపటి నుంచి మొదలవుతుంది."

భాషాశాఖ మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ఈ మాట అనగానే పక్కన నిలబడ్డ నాకు ఒళ్లు పులకరించింది. నేను ఆయన ప్రెస్ సెక్రటరీని. ఒళ్లు పులకరించడం నా డ్యూటీలో భాగం.

మర్నాడు ఒక ప్రొఫెసర్‌గారిని పిలిపించారు.

"సార్, భాష ఒక్కరోజులో పుట్టింది కాదు" అన్నారాయన. "సైగలు, అరుపులు, కూతలు... కొన్ని వేల తరాలు పట్టి ఉంటుంది. పైగా మాటలకి ఎముకలుండవు. ఎంత తవ్వినా దొరకవు."

"ఆధారం దొరకదంటారు?"

"దొరకదండీ."

"అంటే మనది కాదనడానికి కూడా దొరకదు!"

ప్రొఫెసర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రొఫెసర్‌గారు ఏకీభవించారని నేను ప్రెస్‌నోట్ రాసుకున్నాను.

పద్ధతి కూడా మంత్రిగారే కనిపెట్టారు. ఎవరి మాటా చెవిన పడకుండా పెంచితే పిల్లాడు తనంతట తాను ఏమంటాడో అదే ఆదిమ భాష. మరి పిల్లాడెవరు? ఊళ్లోవాళ్ల పిల్లాణ్ణి తెస్తే ప్రతిపక్షం ఊరుకోదు. అందుకని మహా త్యాగానికి సిద్ధపడ్డారు. ఇంకా మాటలు రాని సొంత మనవడినే దేశానికి ఇచ్చేశారు. అల్లుడుగారికి ఏదో కార్పొరేషన్ ఛైర్మన్ పదవి ఇస్తామంటే ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని ఒప్పుకున్నారు. అమ్మాయిగారిని ఎవరూ అడగలేదు. ఆవిడే వచ్చి అడిగారు.

"నాన్నా, వాడు నా కొడుకు. మీ శాఖ కాదు."

"చరిత్రలో నిలబడిపోతాడమ్మా!"

"ముందు వాణ్ణి నేల మీద నిలబడనివ్వండి."

ఆ ఇంట్లో పైకి వినపడ్డ చివరి మాట అదే. ఆ క్షణం నుంచి నిశ్శబ్దం అమల్లోకి వచ్చింది.

టీవీలు తీయించారు. కాలింగ్ బెల్ పీకించారు. పిల్లాడు భౌ అంటే పరువు పోతుందని పక్కింటి కుక్కని బదిలీ చేశారు. మంత్రిగారికి నిద్రలో ఉపన్యాసాలిచ్చే అలవాటుంది కాబట్టి ఆయన మంచం కారు షెడ్డులోకి మారింది. ఇంతటి త్యాగం ఏ మంత్రి చేశాడు?

మొదట్లో ఇబ్బంది పడ్డాం. పొట్ట తడితే భోజనం, చెవి దగ్గర చెయ్యి పెడితే ఫోను, అంతవరకే. మెల్లగా సైగలు ముదిరాయి. వంటమనిషి సైగలతోనే జోకులు వెయ్యడం, తోటమాలి సైగలతోనే అలగడం మొదలైంది. తల అడ్డంగా ఊపితే వంటింటివాళ్లలో కాదని, కారు షెడ్డువాళ్లలో అవునని అర్థం స్థిరపడింది. ఒకసారి మంత్రిగారు ఆఫీసుకి పొమ్మని చేసిన సైగ డ్రైవర్‌కి మరోలా తోచి, ఆయన్ని తిన్నగా ఓ క్షౌరశాలకి తీసుకెళ్లాడు. వెళ్లాం కదా అని రిబ్బన్ కట్ చేసి వచ్చాం.

నోళ్లు మూతపడ్డ ఆ రోజుల్లో మా శాఖలో కదిలినన్ని ఫైళ్లు ముందెప్పుడూ కదల్లేదు. దీని మీద విచారణ జరుగుతోంది.

అమ్మాయిగారొక్కరే చిక్కిపోయారు. ఓ మధ్యాహ్నం నేను వంటింట్లోకి మంచినీళ్లకి వెళ్తే, ఖాళీ మిక్సీ గిర్రున తిరుగుతోంది. ఆ రొద చాటున ఆవిడ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని, వాడి చెవిలో గబగబా మాట్లాడేస్తున్నారు. "నా బంగారుతల్లీ, నా చిట్టికన్నా, ఇదుగో ఇది గిన్నె, అదుగో అది కాకి..." వాడు ఆవిడ పెదాలు పట్టుకుని లాగుతున్నాడు. నన్ను చూసి ఆవిడ బిగుసుకుపోయారు. నేను మంచినీళ్లు తాగి, మిక్సీ స్పీడు ఇంకాస్త పెంచి వచ్చేశాను. ఇది ప్రెస్‌నోట్‌లో రాయలేదు.

పిల్లాడి మొదటి మాట లోకానికి వినిపించే రోజు రానే వచ్చింది. హాలు నిండా కార్యకర్తలు, కెమెరాలు. పిల్లాణ్ణి మైకుల మధ్య బల్ల మీద కూర్చోబెట్టారు.

వాడు మైకుని చూశాడు. జనాన్ని చూశాడు. చెయ్యెత్తాడు.

"బబ్బబ్బ... బూ!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. వాడికి హుషారొచ్చింది. బల్ల గుద్ది, వేలు చూపించి, మళ్లీ అన్నాడు. మళ్లీ చప్పట్లు.

"ప్రతిపక్షం ఆరోపణలపై మీ స్పందన?" అలవాటుగా అడిగాడొక విలేకరి.

"ఫుర్ర్!" అని ఉమ్మి తుంపరలు చిమ్మాడు పిల్లాడు.

'దీటైన జవాబు' అని రాసుకున్నారందరూ.

"ఏ దేశంలో పిల్లలైనా మొదట ఇవే శబ్దాలు చేస్తారండీ" అన్నారు ప్రొఫెసర్‌గారు. "అమ్మానాన్నలే అవి తమ పేర్లనుకుని మురిసిపోతారు." ఆయన మైకు అప్పటికే కట్ చేశాం.

అమ్మాయిగారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "వాడికి ఆకలేస్తోంది!" అని గొంతెత్తి అరిచి, పిల్లాణ్ణి చంకనేసుకుని, వాడితో బాహాటంగా కబుర్లు చెబుతూ వెళ్లిపోయారు. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఇంతలో పార్టీ అధ్యక్షులవారి ఫోన్. స్పీకర్ నొక్కి నేనే పట్టుకున్నాను.

"టీవీలో చూశానయ్యా! మన పార్టీ విధానం ఇంత స్పష్టంగా చెప్పినవాడు ఇప్పటిదాకా లేడు. ఒక్క వర్గాన్ని నొప్పించాడా? ఒక్క హామీ ఇచ్చాడా? నీ సీటు ఆ కుర్రాడికే ఖాయం చేస్తున్నాం."

"వాడికి... వయసు..." అని నసిగారు మంత్రిగారు.

"వచ్చేదాకా ఆ కుర్చీకి నువ్వు కాపలా ఉండు."

మంత్రిగారు ఫోనుకి నమస్కారం పెట్టారు. బయట కార్యకర్తలు అప్పుడే కొత్త నినాదం అందుకున్నారు. ఆయన క్రమశిక్షణ గల మనిషి. చొక్కా సర్దుకుని బాల్కనీలోకి నడిచి, పిడికిలి బిగించి పైకెత్తారు.

"బబ్బబ్బ..."

"బూ!" అంది జనం.