రెండు గదుల జీపు

ఆ రోజు బిక్షపతి వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. పొద్దున తొమ్మిదికల్లా పెద్దవంగర బస్టాండుకు జీపు తీసుకుపోవాలి. చిట్యాల నుంచి వచ్చే సరోజనను ఎక్కించుకుని, మూడు కిలోమీటర్ల అవతలున్న తన ఇంటికి తీసుకురావాలి. ఇల్లు చూపించి, భార్య శోభారాణి వండిన నాటుకోడి కూరతో అన్నం పెట్టి, సంబంధం ఖాయమనిపించుకోవాలి. కొడుకు చైతన్య, సరోజన బిడ్డ దీప హన్మకొండలో కలిసి చదువుకున్నారు, ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇక మిగిలింది సరోజన మాట ఒక్కటే. "నా బిడ్డ ఉండబోయే ఇల్లు నా కండ్లతోటి చూసినంకనే ఏదన్న" అని ఆమె ఫోనులో తేల్చి చెప్పింది.

ఆ ఫోనులోనే బిక్షపతి నోరు జారాడు. "వాన పడితే మీ తొవ్వ ఎట్లుంటదన్నా?" అని ఆమె అడిగిన పాపానికి, "ఏం ఫికర్ లేదక్కా, మా జీపు నాలుగు చక్రాలతోటి గుంజుతది. చెరువుల దిగినా ఎక్కొస్తది" అన్నాడు. నిజానికి జనగామలో పాతది కొన్న ఆ జీపులో ఇంజను తిప్పేది వెనక రెండు చక్రాలనే. ముందువి రెండూ ఊరికే దొర్లుతాయి. వెనక బరువు లేకపోతే తడి నేల మీద ఆ వెనకవి కూడా ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అందుకే వానాకాలం రాగానే బిక్షపతి రెండు ఇసుక సంచులు వెనక వేసి ఉంచేవాడు.

ముందురోజు రాత్రంతా వాన దంచికొట్టింది. బస్టాండు దగ్గర మలుపు తిప్పుతుంటే జీపు వెనక భాగం పక్కకు జారింది. బిక్షపతికి అనుమానం వచ్చి వెనక్కి చూస్తే సంచులు లేవు. వాటి చోట ఉతికిన దుప్పటి పరిచి ఉంది. వెంటనే ఇంటికి ఫోను కొట్టాడు.

"ఇసుక సంచులేవే?"

"ఇంటెనక పడేసిన. వచ్చేది వియ్యపురాలు గానీ సుతారి మేస్త్రి కాదు" అని శోభారాణి ఫోను పెట్టేసింది.

అంతలో బస్సు వచ్చింది. సరోజన స్టీలు డబ్బా పట్టుకుని దిగింది. నిండైన మనిషి. ఆమెను చూడగానే బిక్షపతికి మర్యాద కంటే ముందు బరువు గుర్తొచ్చింది, అందుకు తనలో తానే సిగ్గుపడ్డాడు కూడా. కానీ పిల్లనిచ్చే ఇంటి పెద్దమనిషిని ముందు సీటు ఖాళీగా పెట్టుకుని వెనక ఎక్కమనడం ఎక్కడి న్యాయం?

"అక్కా, జర వెనక కూసుంటరా? ముందు సీటు మీద నీళ్లు కారుతయ్."

సరోజన అరచేత్తో సీటు తడిమింది. "ఎండిపొడిగనే ఉన్నది గదన్నా."

"ఇప్పుడట్లనే ఉంటది. కదిలితే కారుతది."

"కారితే కారనీ. వెనక కూసుంటే నాకు తొవ్వ ఎట్ల కనబడ్తది?" అని ఆమె ముందే కూర్చుంది. గేరు రాడ్డు వంక ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది.

ఊరు దాటారో లేదో, తడి తారు మీద జీపు తోక ఎడమకు ఊగింది. బిక్షపతి బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ మీది కాలు తీసి, స్టీరింగును జారిన వైపుకే తిప్పి సర్దుకున్నాడు.

"కుక్క అడ్డమొచ్చిందక్కా."

"ఏడ?"

"పోయింది."

తండా దగ్గర మంగ్లీ, చంద్రి తడిసిన పచ్చిగడ్డి మోపులతో నడిచిపోతూ కనిపించారు. బిక్షపతి కళ్లకు వాళ్లు దేవుడు పంపిన బరువులా కనిపించారు. జీపు ఆపి, "ఎక్కుండ్రి, దింపుత" అన్నాడు. ఇద్దరూ ఎక్కకుండా అతని మొహం వంకే చూశారు.

"ఏందన్నా, పాణం మంచిగుందా?" అంది మంగ్లీ. "ఎన్నేండ్ల సంది చెయ్యెత్తినా ఆపలే. ఇయ్యాల నువ్వే పిలుస్తున్నవ్?"

"ఎక్కుండ్రి తల్లీ, మోపులు గూడ ఎయ్యుండ్రి. మోపులు మర్వకుండ్రి."

జీపు బుద్ధిగా నడిచింది. బిక్షపతి సంతోషం మాత్రం అర కిలోమీటరే నిలిచింది. చంద్రి ముందుకు వంగి సరోజనతో ముచ్చట మొదలుపెట్టింది. "అమ్మా, గీ బండిని పోయినేడు మా ఎడ్లే గుంజినయ్. మూడుసార్లు."

బిక్షపతి ఖాళీ రోడ్డు మీద హారన్ మోగించాడు. తమ చేను రాగానే ఆడవాళ్లిద్దరూ మోపులతో సహా దిగిపోయారు.

"ఇంటిదాక రాండ్రి, చాయ్ తాగి పోదురు!" అని బతిమాలాడు.

"ఎన్నడు మంచినీళ్లన్న ఇయ్యలే. ఇయ్యాల చాయా?" అంటూ చంద్రి గట్టు ఎక్కింది.

సరోజన స్టీలు డబ్బాను ఒళ్లోకి లాక్కుని, "ఊఁ" అంది. ఆ ఒక్క అక్షరానికి బిక్షపతి గుండెలో రాయి పడింది. సంబంధం చెడితే చైతన్యకు మొహం ఎలా చూపించాలన్న దిగులు పట్టుకుంది.

అక్కడి నుంచి నల్లరేగడి మట్టి బాట, చిన్న ఎత్తు. సగం ఎక్కాక వెనక చక్రాలు బురద చిమ్ముతూ గిరగిరా తిరిగి, కుడివైపు కూరుకుపోయాయి. ముందు చక్రాలు తమకేమీ పట్టనట్టు నిలబడ్డాయి.

"నాలుగు గుంజుతయంటిరి?" అంది సరోజన.

"ఇంక వేడెక్కలేదక్కా" అని బిక్షపతి కిందికి దూకాడు.

గట్టు మీద రాళ్లున్నాయి. ఒకటి ఎత్తుకొచ్చి బరువు కోసం జీపు లోపల వెనక వేశాడు.

"రాయెందుకన్నా?"

"ఇంటికక్కా. మీ దీప కోసం అర్ర కడుతున్నం."

నాలుగో రాయి పడింది. "ఒక్క అర్రకు గిన్నా?"

"రెండర్రలు."

గదులు రెండయ్యాక ఆరో రాయికి బాత్రూం, ఎనిమిదో రాయికి ముందర వరండా అతని మాటల్లోనే లేచాయి. ఎక్కి ఇంజను రేజ్ చేశాడు. జీపు ఇంకాస్త లోతుకు దిగింది. మళ్లీ దిగి తొమ్మిదో రాయి ఎత్తాడు.

"మంచిదే. మరి అర్రలు ఎప్పటికి లేస్తయి?" అంది సరోజన. "మా అన్నదమ్ములకు చెప్పాలె గద."

బిక్షపతి చేతిలోని రాయి జారి బురదలో పడింది. పెళ్లయి వచ్చిన పిల్ల ఇంట్లో ఆ గదుల కోసం వెతుక్కుంటుందన్న ఊహ అతన్ని కలచివేసింది. ఇక తట్టుకోలేకపోయాడు.

"అర్రలు లేవక్కా. నాలుగు చక్రాలు గుంజుడు గూడ అబద్ధం. రెండే గుంజుతయ్, వెనక బరువుంటేనే. మిమ్ముల వెనక కూసోమన్నది గందుకే. మీరు జర నిండుగున్నరని నా నోటితోటి ఎట్లనాలె?"

సరోజన పకపకా నవ్వింది.

"నాలుగు గుంజే బండికి గేరు రాడ్డు పక్కన ఇంకో రాడ్డుంటది, దీనికి లేదు. ఎక్కంగనే చూసిన. మా ఇంటాయనకు ఇసొంటి జీపే ఉండె. ఆయన పోయినంక తొమ్మిదేండ్లు నేనే నడిపిన."

"మరి చెప్పకపోతిరి?"

"మీరు ఏడిదాంక పోతరో చూద్దామనుకున్న. ఇంకో రెండు రాళ్లు పడితే మేడ లేసేది."

చీర కుచ్చిళ్లు ఎగదోపి బురదలోకి దిగి, వెనక ఎక్కి సరిగ్గా కుడి చక్రం పైన కూర్చుంది. "వెనక టైర్ల గాలి జర తీయుండ్రి. రెండో గేరు ఎయ్యుండ్రి. రేజ్ చెయ్యకుండ్రి, మెల్లగ."

పడుకున్న బర్రె లేచినట్టు జీపు ఓసారి ఊగి, ఎత్తు ఎక్కింది.

వాకిట్లో ఎదురుచూస్తున్న శోభారాణికి ఖాళీ ముందు సీటు, వెనక రాళ్ల మధ్య వియ్యపురాలు కనిపించారు. నెత్తి కొట్టుకుంది. "ఏందయ్యా గిది! వదినను రాళ్లల్ల కూసోబెట్టినవా?"

"నేనే కూసున్న వదినా" అని సరోజన దిగి, ఇల్లంతా తిరిగి చూసింది. తీరిగ్గా భోంచేసింది. చేయి కడుక్కుని వచ్చేదాకా చైతన్య తలుపు పక్కనే నిలబడ్డాడు.

"ఇల్లు చిన్నదే" అంది సరోజన. "కానీ ఈ అన్నకు అబద్ధమాడ చాతకాదు. ఆడినా గంటసేపు ఓపలేడు. ఇసొంటి ఇంట్ల నా బిడ్డ సుఖంగ ఉంటది. నాకు ఇష్టమే."

చైతన్య దీపకు ఫోను చేయడానికి పెరట్లోకి పరుగెత్తాడు. బిక్షపతి కళ్లు తుడుచుకున్నాడు.

"ముహూర్తం మాత్రం అర్రలు లేసినంకనే" అంది సరోజన, తెచ్చిన మిఠాయి పంచడానికి స్టీలు డబ్బా మూత తీస్తూ. "రెండు. బాత్రూం, వరండా సుత."

"అక్కా, అవి ఏదో నోటికొచ్చి..."

"నోటికొస్తే వచ్చినయ్. రాళ్లు ఇంటిదాక వచ్చినయ్ గద!"

ఆ వానాకాలంలో బిక్షపతి జీపు మళ్లీ ఎక్కడా దిగబడలేదు. వెనక ఎప్పుడూ ఇటుకలుండేవి.