స్నానాల తొట్టీ, సంసార సౌఖ్యమూ

మీ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎన్నాళ్ళయింది? ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగిపోయి, భోజనానికి కూడా మెసేజ్ పెట్టి పిలుచుకునే దశకు వచ్చేశారా? అయితే దిగులు పడకండి. తక్షణం ఒక సుత్తి తెప్పించి, మీ బాత్రూమ్ పగలగొట్టించండి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. చెదిరిపోతున్న కుటుంబ వ్యవస్థను నిలబెట్టగల శక్తి ఈ రోజుల్లో ఒక్క బాత్‌టబ్బుకే ఉంది. అదీ కొనేసిన టబ్బుకు కాదు, ఇంకా ఎంచుకుంటూ ఉన్న టబ్బుకు.

మా ఇంట ఈ మహత్కార్యానికి మూలకారణం మా ఆవిడ నడుము. ఆవిడ మందుల షాపులో కౌంటర్ వెనక పొద్దస్తమానం నిలబడి అందరి నొప్పులకూ మాత్రలు ఇస్తుంది. తన నొప్పికి మాత్రం ఏ మాత్రా పనిచేయలేదు. డాక్టరు చూసి, "రోజూ కాసేపు వేడినీళ్ళలో నడుము మునిగేలా కూర్చోండమ్మా" అన్నాడు.

ఓ టబ్బు కొని పడేస్తే సరిపోయేది కదా అంటారా? అలా అనేవాళ్ళు జన్మలో టబ్బు కొని ఉండరు.

ముందుగా మా బావమరిది రంగంలోకి దిగాడు. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది కనుక మా అమ్మాయి అతనికి 'టేపు మావయ్య' అని పేరు పెట్టింది. వస్తూనే బాత్రూమ్‌ని నిలువునా అడ్డంగా కొలిచాడు. వాళ్ళక్కను కొలిచాడు. నా పొట్ట దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగి, "బావా, ఊపిరి బిగబట్టకు. వదిలేసిన కొలతే కావాలి" అన్నాడు.

"ముందు పాతవన్నీ పీకించెయ్యి బావా. గది ఖాళీగా ఉంటే ఆలోచన బాగా సాగుతుంది" అని సలహా కూడా ఇచ్చాడు. మేస్త్రీ వచ్చి, ఒక్క గీజరు తప్ప గచ్చుతో సహా అంతా పీకి వెళ్ళాడు. ఆలోచన సాగింది. నెలల తరబడి సాగింది.

అత్తగారితో సహా ఇంటిల్లిపాదీ షోరూముకు వెళ్ళాం. టై కట్టుకున్న సేల్స్‌మన్ చేతులు నలుపుకుంటూ, "ఎలాంటి అనుభూతి కోరుకుంటున్నారు సార్?" అన్నాడు.

"స్నానం" అన్నాను.

పాపం, నా మీద జాలిపడ్డాడు. మూలకు సర్దుకునే త్రికోణం టబ్బు, నాలుగు కాళ్ళ మీద నిలబడే టబ్బు, బుడగలు పుట్టించే టబ్బు, రంగురంగుల లైట్లు వెలిగే టబ్బు, పాటలు పాడే టబ్బు! ఒకటైతే మనం దిగగానే మన బరువెంతో పైకి చదివి చెబుతుందట. మా అత్తగారు దానికి ఆమడ దూరం జరిగారు.

"కారు కొనేముందు నడిపి చూడరా సార్? టబ్బు కొనేముందు పడుకుని చూడాలి" అన్నాడు సేల్స్‌మన్. నిజమే కదా అని చెప్పులు విప్పి పడుకున్నాను. ఏం హాయి! ఇట్టే కునుకు పట్టేసింది. కళ్ళు తెరిచేసరికి కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నా మీదికి వంగి చూస్తోంది.

"ఈయన కూడా వస్తాడా?" అని ఆ అమ్మాయి అడుగుతోంది.

"లేదు మేడమ్. ఆయన డిస్‌ప్లే కోసం" అంటున్నాడు సేల్స్‌మన్.

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నన్ను ఇంత కచ్చితంగా పరిచయం చేసినవాళ్ళు లేరు!

అసలు ప్రశ్న లేవనెత్తింది మా అత్తగారు. "ఇందులో కూర్చుంటే ఒంటి మురికంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది కదయ్యా. మన మురికిలో మనమే నానడాన్ని స్నానం అంటారా?"

సేల్స్‌మన్ టై సర్దుకున్నాడు. "ముందు స్నానం చేసి, తర్వాత ఇందులో దిగాలమ్మా."

"స్నానం అయిపోయాక ఇంక దిగడం దేనికి?"

అతను వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజర్ బాగా ఆలోచించి, "ముందు దిగి, లేచాక స్నానం చెయ్యాలండీ" అన్నాడు. అంతే, ఆ క్షణం నుంచి మా ఇల్లు ముందు పక్షం, తర్వాత పక్షం అని రెండుగా చీలిపోయింది. ఎంత బతిమాలినా ఫోన్ వదలని మా అమ్మాయి, దాన్ని సోఫాలోకి విసిరేసి, అమ్మమ్మతో పూటంతా వాదించింది. అవతల ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు! ఇది టబ్బు మహిమ కాదా?

మరి ఈలోగా స్నానాలో అంటారా? బంధుత్వాలు చిగురించింది అక్కడే! మొదట పక్కింటికి వెళ్ళాం. తర్వాత ఎదురింటికి. వాళ్ళు తలుపు తీయడం మానేశాక చుట్టాల మీద పడ్డాం. ఎవరి పెళ్ళి ఫోటోలోనో తనను వెనక వరసలో నిలబెట్టారని అలిగి, ఏళ్ళ తరబడి మాతో మాటలు మానేసిన మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి ఒక పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాను.

తలుపు తీసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళకొచ్చావురా తమ్ముడూ!" అని కావలించుకున్నాడు. మా ఇద్దరి మధ్యా నా సబ్బుపెట్టె పటపటలాడింది. ఎందుకొచ్చానో చెప్పడానికి నోరు రాలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అవే తాగి, ఒళ్ళు తడపకుండా ఇంటికి వచ్చేశాను.

ఎట్టకేలకు టబ్బు ఎంపికైంది. ఉన్నవాటిలోకెల్లా పెద్దది, లైట్లూ బుడగలూ పాటలూ అన్నీ ఉన్నది. మా ఆవిడ ఏదో చిన్న టబ్బును చూపించి "నాకిది చాలు" అన్నట్టే గుర్తు. అప్పటికి మేం లైట్ల రంగు మీద ఓటింగ్‌లో ఉన్నాం.

టబ్బు ఇంటికొచ్చింది. బాత్రూమ్ తలుపు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. టేపు మావయ్య మమ్మల్నందర్నీ కొలిచాడు గానీ తలుపును కొలవలేదు! గోడ పగలగొట్టడానికి మేస్త్రీకి తీరిక దొరికేదాకా టబ్బు హాల్లోనే ఉంది. అమ్మాయి దిండు వేసుకుని అందులోనే చదువుకుంది. వచ్చినవాళ్ళను అందులోనే కూర్చోబెట్టాం. బీమా ఏజెంటు ఒకాయన అందులోంచి లేవలేక, పాలసీ ఊసెత్తకుండా చెయ్యి అందించమని బతిమాలుకున్నాడు. ఏ సోఫాకుంది ఈ ప్రయోజనం?

గోడ పగిలింది, టబ్బు లోపలికెళ్ళింది, గోడ మళ్ళీ లేచింది. ఆ సాయంత్రం మా ఆవిడ షాపు నుంచి రాగానే తువ్వాలు చేతికిచ్చి లోపలికి పంపాం. మేమంతా తలుపు బయట నిలబడ్డాం.

"నీళ్ళు వేడిగా ఉన్నాయా?" అని అడిగాను.

"ఉన్నాయి."

"ఎక్కడిదాకా వచ్చాయక్కా?" అన్నాడు టేపు మావయ్య.

"చీలమండ దాకా. ఇక చన్నీళ్ళే వస్తున్నాయి."

మేం మొహాలు చూసుకున్నాం. లైట్లు చూశాం, పాటలు విన్నాం, బుడగల సైజు మీద చర్చించాం. మా గీజరు ఎన్ని నీళ్ళు కాస్తుందో ఒక్కరమూ చూడలేదు. అది రెండు బకెట్లకే ఆయాసపడే రకం. నొప్పేమో నడుములో, వేడేమో పాదాల్లో!

ఊరుకున్నామా? వంటింటికి పరిగెత్తి, ఉన్న గిన్నెలన్నీ పొయ్యిల మీదికెక్కించాం. "ఎలాగూ పొయ్యి దగ్గరే చచ్చారు కదా, ఒకదాంట్లో బియ్యం పడెయ్యండి" అన్నారు అత్తగారు. పడేశాం. నీళ్ళు కాగేలోపు అమ్మాయి కూరగాయలు కడిగింది. టేపు మావయ్య బీన్స్‌ను టేపు పెట్టి మరీ సమానంగా తరిగాడు. నేను కూర మాడబెట్టి, ఇంకోటి వండాను. రెండో గిన్నె కాగేసరికి మొదటిది చల్లారింది. ఈ హడావిడిలో నీళ్ళెందుకు కాస్తున్నామో కూడా మరిచిపోయాం.

చాలాసేపటికి మా ఆవిడ బయటికొచ్చింది. ఒంటి మీద తడి లేదు. ముఖం మాత్రం కళకళలాడుతోంది.

"నడుము ఎంత తేలిగ్గా ఉందో!" అంది.

"నీళ్ళే లేవు కదే?" అన్నాను.

"నీళ్ళ సంగతి నాకు తెలీదు. గడియ పెట్టుకుని కాళ్ళు చాపి కూర్చున్నా. ఉప్పు డబ్బా ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. ఏంటీ, వంటయిపోయిందా?"

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆవిడ టబ్బు వైద్యం నిష్ఠగా చేస్తోంది, మేం వంట చేస్తున్నాం. లోపల చుక్క నీరు పడ్డ చప్పుడు రాదు. డాక్టరు చూసి ఆశ్చర్యపోయాడు. నొప్పి సగానికి సగం తగ్గిందట! కనుక పాఠకులారా, సందేహించకండి. గోడలు పగిలితే పగిలాయి, మీరూ టబ్బు కొనండి.

పాత బాత్రూమ్‌కీ గడియ ఉండేది, నిజమే. కాకపోతే అప్పుడు మేం తలుపు బాదేవాళ్ళం.