తెర మీద మాయమైన మొక్కలు

మీనాకుమారి గారి నర్సరీలో మొక్కలన్నీ మాయమైన రోజు నాకు బాగా గుర్తు. కడియం రోడ్డు పక్కన మందారాలు, నూరువరహాలు, క్రోటన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మాయమైంది కంప్యూటర్ రిపోర్టులో. ఈ తేడాను బుల్లిరాజు పట్టించుకోలేదు.

"మాస్టారూ, ఈ గోదావరి జిల్లాల్లో నేరస్తులకు నిద్ర పట్టడం లేదంటే కారణం ఎవరనుకున్నారు?" అన్నాడు బండి దిగుతూ.

"దోమలు."

"నేను!"

బుల్లిరాజు మా వీధిలో ఫొటోలకు ఫ్రేములు కడతాడు. ఖాళీ వేళల్లో డిటెక్టివు. ఇంతవరకు దొంగ అన్నవాణ్ణి దగ్గర నుంచి చూడలేదు.

అతన్ని ఎవరూ పిలవలేదు. నన్ను పిలిచారు. ఆ రిపోర్టు తయారు చేసింది మా ఆవిడ. ఇక్కడ స్టాకు లెక్కలు ఆవిడే చూసేది. వేసవిలో పోయింది.

"మధ్యాహ్నం బెంగుళూరు పార్టీ ఫోన్ చేస్తారండి. ఏ మడిలో ఏ మొక్క ఎంత ఉందో చెప్పలేకపోతే ఆర్డరు పక్క నర్సరీకి పోతుంది. ఈ ఏడాదికి ఉన్న ఆశ అదొక్కటే," అన్నారు మీనాకుమారి గారు. నిన్న భానుతేజ అనే కుర్రాడు కొత్త కంప్యూటర్ బిగించి, రిపోర్టునూ స్టాకు ఫైలునూ అందులోకి ఎక్కించి వెళ్లాడట. రిపోర్టు మాత్రం ఖాళీ.

బుల్లిరాజు భూతద్దం తీశాడు. "కీబోర్డు మీద వేలిముద్రలు!"

"నావేనండి."

"మొదట్లో అందరూ అలాగే అంటారు." గుమ్మంలోకి వంగాడు. "ఆహా! బురదలో పాదముద్రలు. హంతకుడికి ఒక కాలికి చెప్పు లేదు."

"మీ ఎడమ చెప్పు ఇందాక గేటు దగ్గర ఊడిపోయిందండి," అన్నారావిడ.

నేను రిపోర్టు తెరిచాను. ఈ దారిలో ఫైలు దొరకలేదని తెర మీద వచ్చింది. కింద ఆ దారి: డి డ్రైవు, అందులో సూర్యకళ అనే ఫోల్డరు, అందులో స్టాకు ఫైలు.

బుల్లిరాజు చప్పట్లు కొట్టాడు. "ముఠా నాయకురాలు పేరు వదిలేసి పోయింది! ఎవరీ సూర్యకళ? ఏ లోకంలో దాక్కున్నా లాక్కొస్తాను!"

మీనాకుమారి గారు నా వైపు చూశారు. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"ముందు కేసు నమోదు చేయాలి," అంటూ అతను నన్ను లేపి కుర్చీలో కూర్చున్నాడు. డి డ్రైవులో కొత్త ఫోల్డరు తెరిచి, తెర మీది పేరును ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. "ఇది నిందితురాలి ఫోల్డరు. సాక్ష్యం బయట ఉంటే తారుమారు చేస్తారు," అని బయట విడిగా ఉన్న స్టాకు ఫైలును దానిలోకి లాగి పడేశాడు.

మీనాకుమారి గారు ఏమీ తోచక మళ్లీ రిఫ్రెష్ నొక్కారు.

మందారాలు వచ్చాయి. నూరువరహాలు వచ్చాయి. మడి మడీ నిండిపోయింది.

"లొంగిపోయింది!" అని అరిచాడు బుల్లిరాజు.

బెంగుళూరు ఫోన్ మోగింది. ఆవిడ తెర చూసి గబగబా చదివారు. ఆర్డరు దక్కింది. ఆ తర్వాత భానుతేజకు ఫోన్ చేసి విషయం చెప్పారు.

"రిపోర్టు లోపల ఫైలు దారిని ఒకే చోటుకి కట్టేశారండి," అన్నాడు భానుతేజ. "అందుకే కొత్త కంప్యూటర్లోనూ ఆ ఫోల్డరునే వెతుకుతోంది. దారికి ఒక పారామీటర్, అంటే మనం మార్చుకోగలిగే గడి, పెట్టుకుంటే, ఫైలు ఎక్కడికి మార్చినా ఆ గడిలో మారిస్తే చాలు. పాత దారితో పని లేదు."

బుల్లిరాజు కాలర్ సర్దుకున్నాడు. "అది సాంకేతికం. ఆ సూర్యకళను ఎప్పుడు పట్టిద్దాం?"

"మాస్టారి భార్యండి ఆవిడ," అన్నారు మీనాకుమారి గారు మెల్లగా. "మీరు ఫ్రేము కట్టిన ఫొటోలో ఉన్నావిడ."

ఆరేళ్లు ఆవిడ చేతి దిబ్బరొట్టె తిన్న అపరాధ పరిశోధకుడు భూతద్దం జేబులో పెట్టేశాడు.

"అక్కగారా? నాకు అక్కగారనే తెలుసు మాస్టారూ. పేరు ఎప్పుడూ అడగలేదు."

వీధిలో అడిగినవాళ్లు ఎవరూ లేరు. మా ఇంటి గుమ్మానికి ఉన్న బోర్డు మీద నా పేరే ఉంది.

అతను బయటికి వెళ్లి చాలాసేపు చెప్పు వెతుక్కున్నాడు.

"వీలు చూసుకుని ఆ పారామీటర్ మీరే పెట్టండి మాస్టారూ," అన్నారు మీనాకుమారి గారు. ఎలా పెట్టాలో భానుతేజ ఫోన్లోనే నాకు చెప్పాడు. పెద్ద పనేమీ కాదు.

సూర్యకళ పేరున్న ఆ దారిని నేను ఇంకా మార్చలేదు.