నడుముకీ తొడకీ మధ్య

మనిషి ఒంట్లో నడుము ఉంది, తొడ ఉంది. ఆ రెండిటికీ మధ్య ఏమీ లేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, మా పెద్దాసుపత్రి అధికారిక నిర్ణయం. అక్కడ చీటీతోపాటు ఇచ్చే ‘నొప్పి పటం’లో మనిషి బొమ్మ మీద ఒకటి నుంచి నలభై దాకా అంకెలుంటాయి. చెవి తమ్మెకి కూడా ఒక అంకె కేటాయించారు. నడుము కింద మాత్రం నిక్కరు ఆకారంలో తెల్లగా వదిలేశారు. (మర్యాదల ఉపసంఘం మూడుసార్లు సమావేశమై చేసిన ఏర్పాటు. రెండు సమావేశాలు నిక్కరు పొడవు దగ్గరే గడిచిపోయాయట.)

మా అక్కకి సరిగ్గా ఆ తెల్ల జాగాలోనే నొప్పి.

అక్క బస్సు డ్రైవరు. పన్నెండేళ్లుగా రోజుకి తొమ్మిది గంటలు ఒకే సీట్లో కూర్చుని ఊరిని అటూ ఇటూ మోసింది. ఒకరోజు కూర్చునే చోట తిమ్మిరి మొదలైంది. వారం తిరిగేసరికి మంట. “నిప్పుల మీద కూర్చున్నట్టుందిరా,” అంది. పన్ను పీకించుకున్నా ఇంట్లో చెప్పని మనిషి తను. డిపో వాళ్లు ముప్పై రోజులు గడువిచ్చారు. ఆలోగా జబ్బు పేరు రాయించుకొస్తే సెలవు, లేకపోతే సీటు ఇంకొకరికి. అక్కకి ఆ సీటంటే ప్రాణం.

ఆస్పత్రి కౌంటర్లో గుమస్తా పెన్ను విప్పాడు.

“నడుమా, తొడా? చెప్పండమ్మా.”

“రెండూ కాదండీ. మధ్యలో.”

“మధ్యలో మా దగ్గర ఏమీ లేదమ్మా.”

“నా దగ్గర ఉందండీ. అందుకే వచ్చాను.”

గుమస్తా మంచివాడు. వెనకున్న జనాన్ని చూసి, జాలిపడి, మోకాలు అని రాశాడు.

ఇక కుర్చీల సంగతి. ఆ ఆస్పత్రిలో వరుస నంబరు మనిషికి కాదు, కుర్చీకి ఉంటుంది. లోపలికి ఒకరు వెళ్లగానే మిగతావాళ్లంతా ఒక్కో కుర్చీ జరగాలి. నిలబడ్డవాళ్లు రానివాళ్ల కింద లెక్క. అక్కేమో కూర్చోలేదు. అందుకని కుర్చీలో తన చేతిసంచి పెట్టి, పక్కన నిలబడి దాన్ని జరుపుకుంటూ పోయింది. మొదటిరోజు మూడు గంటల తర్వాత లోపలికి పిలుపొచ్చింది. (సంచికే వచ్చింది. అక్క దానికి తోడుగా వెళ్లింది.)

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలు భేషుగ్గా ఉన్నాయన్నాడు. స్త్రీల డాక్టరమ్మ స్కాన్ చేయించి, తన పరిధిలో అంతా బావుందంది. మూత్రం డాక్టరు పరీక్షలన్నీ చూసి, నీళ్లు బాగా తాగమన్నాడు. ముగ్గురూ ‘నార్మల్’ అని ముద్ర కొట్టారు. మూడు నార్మల్ ముద్రలు పడిన రోగిని మనసు డాక్టరు దగ్గరికి పంపాలని అక్కడ నియమం. ఆయన అక్కని చాలా మర్యాదగా అడిగాడు.

“మీకు మీ ఉద్యోగం ఇష్టమేనా?”

“ప్రాణం సార్.”

“మరైతే ఎందుకు కూర్చోనంటున్నారు?”

ఫైల్లో ఆయన ఇలా రాశాడు: ‘రోగికి నొప్పి ఉన్నట్టు ప్రస్తుతం రోగి ఒక్కరే చెబుతున్నారు.’

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. “ఒరేయ్, నిజంగానే నాకేం లేదంటావా?” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికి ఇరవై ఆరు రోజులు.

ఇరవై ఏడో రోజు, వరండా చివర నరాల డాక్టరు గది ఖాళీగా కనిపిస్తే లోపలికి దూరాం. (ఖాళీగా ఎందుకుందంటే, నొప్పి పటంలోని ఏ అంకె కూడా ఆ గదికి దారి తీయదు.) పెద్దాయన. కుర్చీ చూపించలేదు.

“కూర్చుంటే ఎక్కువవుతుందామ్మా?”

“అవును సార్.”

“నిలబడితే తగ్గుతుందా?”

“తగ్గుతుంది సార్.”

“నిద్రలోంచి లేపేస్తుందా?”

“లేదు సార్. పడుకుంటే పోతుంది.”

“టాయిలెట్ సీటు మీద కూర్చున్నప్పుడో?”

అక్క ఆయన వంక వింతగా చూసింది. “అక్కడ మాత్రం హాయిగా ఉంటుంది సార్. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.” అంతే, భోరున ఏడ్చేసింది. నొప్పికి కాదు, సరైన ప్రశ్న అడిగినందుకు.

కటి ఎముకల మధ్యనుంచి వచ్చే ఒక నరం కూర్చున్నప్పుడల్లా నలుగుతోందని, టాయిలెట్ సీటుకి మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ నలగదని, అది ఎక్స్‌రేలో కనపడదని ఆయన ఫైలు అట్ట మీద బొమ్మ గీసి చెప్పాడు. ఆ నరం పక్కన మత్తు ఇంజెక్షన్ ఇచ్చాడు. నొప్పి ఆగితే దోషి ఆ నరమేనన్న మాట. పావుగంట తర్వాత అక్క భయంభయంగా బల్ల మీద కూర్చుంది. కాసేపు చూసింది. కాలు మీద కాలేసుకుంది. ఆ తర్వాత గంటసేపు లేవనంటే లేవలేదు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆయన ఆ నరం పేరుతో రాసిచ్చిన సర్టిఫికెట్టు పట్టుకుని డిపోకి పరిగెత్తాం. మేనేజరు తన జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెళ్లాడు, కిందినుంచి పైకి వచ్చాడు.

“మా దగ్గర నరాలు మూడేనమ్మా. మెడ, చెయ్యి, తుంటి. మీరు తెచ్చింది జాబితాలో లేదు.”

“ఒంట్లో ఉందండీ.”

“కాదనను. తుంటి నొప్పి అని రాయించుకురా తల్లీ, రేపటినుంచే సెలవు.”

మళ్లీ నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “నలభై ఏళ్ల సర్వీసులో ఇప్పటిదాకా తప్పు జబ్బు రాయలేదమ్మా,” అన్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, తుంటి నొప్పి అని రాశాడు.

నాలుగు నెలలు ఇంజెక్షన్లు, వ్యాయామం, కూర్చోడానికి మధ్యలో చిల్లున్న దిండు. అక్క కోలుకుంది. మళ్లీ డ్యూటీలో చేరతానని సంతోషంగా వెళితే, డిపో వైద్య మండలి వాళ్లు ముగ్గురు అరపూట పరీక్షించి మెమో చేతికిచ్చారు. ‘ఈ ఉద్యోగికి తుంటి నొప్పి ఇప్పుడు లేదు, గతంలోనూ లేదు. లేని జబ్బుకి సెలవు వాడుకున్నందుకు సంజాయిషీ ఇచ్చేదాకా సీటెక్కరాదు.’

ఇన్ని నెలల్లో అక్కకి ఒక ఆఫీసు చేసిన మొట్టమొదటి సరైన రోగ నిర్ధారణ ఇదే.