ఆసిమాకు నేను తండ్రిని

ఆ రోజు యాకయ్య పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. పొద్దున స్టేషన్‌కు రెండు ట్రిప్పులు కొట్టి, ఆటో బ్రేకులు చూపించుకుని, మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని కాసేపు పడుకోవాలి. రెండో ట్రిప్పుకు బయలుదేరుతుండగా పక్కింటి జహీరుద్దీన్ ఒక కాగితం పట్టుకుని ఆటోకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. షట్టర్లకు వెల్డింగ్ చేసే మనిషి, ఎప్పుడూ నింపాదిగా ఉంటాడు. ఆ రోజు పలకరింపు కూడా లేదు.

"యాకయ్యన్నా, ఇది జర చదువు."

అది జహీరుద్దీన్ కూతురు ఆసిమా బర్త్ సర్టిఫికెట్. పిల్లను బడిలో వేయడానికని ముందురోజే తీశాడు. తల్లి పేరు జన్నత్ బీ అని సరిగ్గానే ఉంది. తండ్రి పేరు ఉండాల్సిన చోట యాకయ్య అని ఉంది.

యాకయ్య రెండుసార్లు చదివాడు. "నా పేరే," అన్నాడు.

"నీ పేరే. బడిల మేడమ్ నన్ను అడిగింది, నువ్వు ఈ పిల్లకు ఏమైతవు అని."

ఇది ఎక్కడ మొదలైందో యాకయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఐదేళ్ల కిందట, జాతరకు రేకుల షెడ్లు వేసే పని మీద జహీరుద్దీన్ మేడారంలో ఉండగా జన్నత్ బీకి నొప్పులొచ్చాయి. ఎంత చేసినా అతని ఫోన్ కలవలేదు. యాకయ్యే ఆమెనూ, ఆమె తల్లినీ ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. బిడ్డ పుట్టాక కౌంటర్‌లో ఒకామె "పేరు?" అంది. చెప్పాడు. సంతకం పెట్టమంది. పెట్టాడు. ఏ లెక్కన అడుగుతున్నదో ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు.

"ఫికర్ చెయ్యకు భాయ్. పోయి నేను కాదని చెప్తె అయిపాయె. ఎక్కు," అన్నాడు యాకయ్య.

సర్టిఫికెట్ల ఆఫీసులో గుమస్తా రమాకాంత్ ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నాడు. "నోటితోని కాదంటే నడవదు. రికార్డు ప్రకారం తండ్రివి నువ్వే. నేను తండ్రిని కాను అని అఫిడవిట్ తే," అని యాకయ్యకు చెప్పి జహీరుద్దీన్ వైపు తిరిగాడు. "నువ్వెవరు?"

"నేనే సార్, తండ్రిని."

"రికార్డుల నువ్వు లేవు. సాక్షి సంతకం పెట్టు."

గేటు బయట కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న మొగిలి అఫిడవిట్ కొట్టి చదివి వినిపించాడు. "ఆసిమాకు నేను తండ్రిని కాను, ఆ పిల్లకూ నాకూ ఎటువంటి సంబంధమూ లేదు."

యాకయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆసిమా రోజూ సాయంత్రం ఆటో చప్పుడు వినగానే "చిచ్చా" అంటూ ఉరికొస్తుంది. ఒళ్లో కూర్చుని నాలుగుసార్లు హారన్ మోగించనిదే ఇంట్లోకి పోదు.

"సంబంధం లేదని ఎట్ల రాస్తవు? తండ్రిని కాదన్న గని, ఏం కానని అన్ననా?"

"అది ఫార్మాట్ అన్నా. అందరికి ఇట్లనే కొడ్త."

"అందరు పెడ్తరేమో. నేను సంతకం పెట్ట."

"తీసెయ్ తమ్మీ, మంచిగ లేదు," అన్నాడు జహీరుద్దీన్ కూడా.

వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. మొగిలి విసుక్కుంటూ వాక్యాన్ని చివరి నుంచి చెరుపుకుంటూ వచ్చాడు. ఆ ఊపులో ఒక మాట ఎక్కువ పోయింది. "కాను" అన్నది కూడా చెరిగిపోయింది. అక్కడ చుక్క పెట్టి ప్రింటు తీశాడు. యాకయ్య కళ్లద్దాలు ఆటోలో ఉన్నాయి. సంబంధం లేదన్న ముక్క పోయిందా అని మాత్రం అడిగాడు. పోయిందన్నాడు మొగిలి. అది నిజమే. యాకయ్య సంతకం పెట్టాడు, జహీరుద్దీన్ చదవకుండానే సాక్షి సంతకం పెట్టాడు, పక్క బల్ల దగ్గర కూర్చున్న నోటరీ ముద్ర వేశాడు.

రమాకాంత్ ఆ కాగితాన్ని పైకి చదివాడు. "'ఆసిమాకు నేను తండ్రిని. ఎవరి బలవంతమూ లేకుండా ఈ మాట చెబుతున్నాను.'" తలెత్తి ఇద్దరినీ చూశాడు. "పొద్దుగాల ఒట్టి రికార్డే ఉండె. ఇప్పుడు ప్రమాణం గూడ అయింది. సాక్షివి నువ్వే కద?"

జహీరుద్దీన్ తలూపాడు. ఇంకో అఫిడవిట్ తెస్తామన్నాడు యాకయ్య. ఒక పూటలో రెండు ప్రమాణాలు చెల్లవనీ, కోర్టుకు పోవాలనీ అన్నాడు రమాకాంత్. బడిలో చేరడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. జహీరుద్దీన్ బల్ల మీద కూలబడ్డాడు.

"నా బిడ్డను నా బిడ్డ అనేటందుకు కోర్టుకు పోవాల్నా?" అన్నాడు మెల్లగా. యాకయ్య అతని మొహం చూడలేకపోయాడు.

అత్త డెత్ సర్టిఫికెట్ కోసం వచ్చి వరుసలో నిలబడ్డ నిర్మల వాళ్ల గల్లీ మనిషే. రమాకాంత్ చదివింది ఆమె చెవిన పడింది. వెంటనే యాకయ్య భార్య సారలమ్మకు ఫోన్ చేసింది. "అక్కా, బావ ఈడ ఆఫీసుల బిడ్డను ఒప్పుకుంటాండు. సంతకం గూడ పెట్టిండు."

అరగంటలో సారలమ్మ దిగింది. యాకయ్య జహీరుద్దీన్ వెనక్కి జరిగాడు. ఆమె నేరుగా రమాకాంత్ దగ్గరికి పోయింది. సర్టిఫికెట్టూ, అఫిడవిట్టూ అడిగి తీసుకుని, రెండూ చదివి రమాకాంత్ ముందు పెట్టింది.

"నేను ఈయన పెండ్లాన్ని సారూ. దీంట్ల తండ్రి మావోడు, తల్లి జన్నత్ బీ. మరి నేనెవరో గూడ జర రాసియ్యి."

రమాకాంత్ పెన్ను మూత పెట్టాడు. "మీకు అభ్యంతరం ఉందా అమ్మా?"

"లేకుంటె పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి ఎందుకొస్త?"

"అయితే పిటిషన్ రాసియ్యండి. అభ్యంతరం వస్తే దవాఖాన రిజిస్టర్ తెప్పించి విచారణ చేస్తం. అది మా చేతిల పనే."

జహీరుద్దీన్ లేచి నిలబడ్డాడు. "ఈ ముచ్చట పొద్దుగాలనే చెప్తె అయిపోవు కద సార్?"

"పొద్దుగాల ఎవరికి అభ్యంతరం లేకుండె," అన్నాడు రమాకాంత్.

మూడో రోజు రిజిస్టర్ వచ్చింది. భర్త, జహీరుద్దీన్. వెంట వచ్చినవారు, యాకయ్య. ఎవరో ఎత్తి రాసేటప్పుడు ఒక గీత కిందికి జారారు. ఆ సాయంత్రమే కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చింది. మర్నాడు జహీరుద్దీన్ బడిలో మేడమ్ అడగకముందే తాను పిల్లకు ఏమవుతాడో చెప్పాడు.

"నిజంగ అనుమానపడ్డవా?" అని ఇంట్లో అన్నం తింటూ అడిగాడు యాకయ్య.

"నీ మీద నాకు నమ్మకమే. కాయితం మీద లేదు," అంది సారలమ్మ, కూర వడ్డిస్తూ.

పని అయిపోయింది కాబట్టి వచ్చి సంతకం పెట్టి పిటిషన్ వాపసు తీసుకోవచ్చని రమాకాంత్ రెండుసార్లు కబురు పెట్టాడు. సారలమ్మకు ఇంతవరకూ తీరిక దొరకలేదు.